కెరీర్ గైడెన్స్ గ్రాంటుకు ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ రాశాం, చూసి సలహా ఇవ్వండి

కొబ్బరితోట:
నమస్తే అండి. మాది శ్రీకాకుళం జిల్లాలో తీరం వెంబడి ఉన్న మండలం. చిన్న సొసైటీ. రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపుకు కావాల్సిన 12ఏ, 80జీ, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 అన్నీ ఉన్నాయి. ఇన్నాళ్లూ సాయంత్రం ట్యూషన్లు నడిపాం. ఇప్పుడు మండలంలోని జెడ్పీ హైస్కూళ్లలో 9, 10 తరగతుల పిల్లలకు టెన్త్ తర్వాత ఏం చదవొచ్చో, ఏ పని నేర్చుకోవచ్చో చెప్పే కార్యక్రమం మొదలుపెట్టాలనుకుంటున్నాం. అందుకోసం ఒక కంపెనీ సీఎస్ఆర్ గ్రాంటుకు దరఖాస్తు చేస్తున్నాం. బడ్జెట్, టీమ్ వివరాలు నింపడం అయిపోయింది. "ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్, 300 పదాలకు మించకూడదు" అన్న గడి దగ్గరే అందరికీ టెన్షన్. మేం రాసింది ఇదీ:

"నేటి పోటీ ప్రపంచంలో విద్యార్థులకు సరైన కెరీర్ ఎంపిక ఎంతో ముఖ్యం. మా మండలంలో ఎక్కువ మంది పేదలు, తల్లిదండ్రులు నిరక్షరాస్యులు. వారికి పిల్లల చదువుపై అవగాహన లేదు. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం మన దేశంలో 19–24 ఏళ్ల వయసు కార్మికుల్లో లాంఛనంగా వృత్తి విద్య పొందినవారు 5 శాతం కన్నా తక్కువ. అదే జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం. మా మండలంలో ఒక్క కెరీర్ గైడెన్స్ కేంద్రం కూడా లేదు. కాబట్టి అలాంటి కేంద్రం అత్యవసరం."

మొహమాటపడకుండా చెప్పండి. నెలాఖరు గడువు.

ఫైలు_చదివేవాడు:
ఒక కంపెనీలో సీఎస్ఆర్ దరఖాస్తులు మొదటి విడత చదివి వడపోసే పని నాది. మీరు దరఖాస్తు చేసే కంపెనీ మాది కాకపోవచ్చు, కానీ చదివే పద్ధతి ఎక్కడైనా దాదాపు ఇంతే.

మీ పేరాలో మండలం పేరు తీసేసి ఇంకే జిల్లా మండలం పేరు పెట్టినా అది అలాగే నిలబడుతుంది. చదివేవాళ్లకు మొదట కనిపించేది అదే. "పోటీ ప్రపంచం" వాక్యం కొట్టేయండి. విద్యా విధానంలోని ఆ అంకెలు నిజమే కానీ అవి 12వ పంచవర్ష ప్రణాళిక నాటి అంచనాలు, అంటే 2012–17 కాలానివి. పైగా ఈ విభాగంలో వచ్చే దరఖాస్తుల్లో చాలావాటిలో అవే ఉంటాయి. జర్మనీ సంగతి వల్ల మీ ఊరి పిల్లల గురించి నాకు కొత్తగా ఏమీ తెలియడం లేదు.

అసలు చిక్కు చివరి రెండు వాక్యాల్లో ఉంది. "కేంద్రం లేదు" అనేది సమస్య కాదండి. మీరు ఇవ్వదలచుకున్న పరిష్కారాన్నే తిరగేసి చెప్పారు. కేంద్రం లేనందువల్ల పిల్లలకు ఏం జరుగుతోంది? పాసైన పిల్లలు జులైలో ఎక్కడుంటున్నారు? ఎంతమంది? మీకెలా తెలుసు? ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు రాస్తే అదే ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్. కేంద్రం ఊసు "మేం చేయబోయే పని" గడిలో రావాలి.

సీఎస్ఆర్ డబ్బు ఏ పనులకు వాడొచ్చో చెప్పే కంపెనీల చట్టం 2013 ఏడో షెడ్యూల్లో విద్య, జీవనోపాధి నైపుణ్యాలు ఎలాగూ ఉన్నాయి. మీ పని అర్హమైనదేనా అన్న అనుమానం మాకు రాదు, దాని మీద పదాలు ఖర్చు పెట్టొద్దు.

కొబ్బరితోట:
ధన్యవాదాలు సార్. "ఎంతమంది" అన్న దగ్గరే మా చేతిలో ఏమీ లేదు. సగం మంది చదువు మానేస్తున్నారని ఊళ్లో అందరూ అంటారు. కాగితం మీద పెట్టగల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

పాత_హెచ్ఎం:
అమ్మా, లెక్క మీ మండలంలోనే ఉంది. నేను చాలాకాలం హెచ్ఎంగా చేసి రిటైర్ అయ్యాను, మీ పక్క మండలమే. చెబుతాను వినండి.

మొదటిది టీసీ రిజిస్టర్. ఇంటర్‌లోనో ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చేరాలంటే టీసీ కావాలి. ఆగస్టు చివరికి టీసీ తీసుకోని వాళ్ల జాబితా రాసుకుంటే, ఎక్కడా చేరని వాళ్లు ఎక్కువగా అందులోనే ఉంటారు. రెండోది యూడైస్ ప్లస్, అంటే బడుల, విద్యార్థుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్. బడి వదిలిన విద్యార్థిని తర్వాతి కాలేజీ తన జాబితాలోకి తీసుకోకపోతే ఆ పేరు డ్రాప్‌బాక్స్‌లో మిగిలిపోతుంది. ఆ పేర్ల కోసం ప్రతి ఏడూ హెచ్ఎంలు, క్లస్టర్ వాళ్లు తిరుగుతూనే ఉంటారు. మీరు కొత్తగా సర్వే పెట్టనక్కర్లేదు.

అయితే ఈ రెండింటినీ గుడ్డిగా నమ్మొద్దు. టీసీ తీసుకుని కూడా ఎక్కడా చేరని పిల్లలు ఉంటారు. టీసీ తీసుకోకుండానే బంధువుల ఊళ్లో ఓపెన్ స్కూల్‌కు కట్టినవాళ్లూ ఉంటారు. అందుకని జాబితా చేత్తో పట్టుకుని ఇంటికి ఫోన్ చేయాలి. ఇల్లు దగ్గరైతే వెళ్లి అడగాలి. ఒక్కో బడికి ఇద్దరు వలంటీర్లు చాలు. ఒక్క ఏడాది లెక్క చూసి మాట్లాడొద్దు, వరుసగా రెండేళ్ల బ్యాచ్‌లు చూడండి.

ముందు హెచ్ఎంకు మీ సొసైటీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇవ్వండి, కాపీ ఎంఈవోకు. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు దరఖాస్తులో పెట్టబోమని అందులోనే రాయండి. చాలామంది హెచ్ఎంలు సంకోచించేది ఆ విషయంలోనే. ఎవరూ స్పందించకపోతే సమాచార హక్కు చట్టం ఎలాగూ ఉంది. మండల స్థాయి కార్యాలయంలో ఫీజు 5 రూపాయలు, జవాబుకు 30 రోజులు. కానీ మీ గడువు నెలాఖరు కాబట్టి అది మీకు అక్కరకు రాదు. నేరుగా వెళ్లి కూర్చుని అడగడమే మేలు.

బ్రిడ్జికోర్సు:
ఇంటర్ వొకేషనల్ లెక్చరర్‌ని. హెచ్ఎం గారు చెప్పింది బంగారం లాంటి మాట. దానికి ఒకటి కలుపుతాను.

"చేరినవాళ్లు, చేరనివాళ్లు" అని రెండు డబ్బాలు పెట్టి ఊరుకోకండి. ఎంపీసీలో చేరి మొదటి ఏడాదే ఫెయిలై ఇంట్లో కూర్చున్న పిల్లలను నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. పక్కింటి అబ్బాయి చేరాడని చేరారు, అంతే. వాళ్లు మీ లెక్కలో "చేరినవాళ్లు"గా పడిపోతారు. తెలియక చేరడం కూడా మీ సమస్యలో భాగమే కదా? వీలైతే ఇంటర్ ఫస్టియర్ ఫలితం కూడా అడగండి.

ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ వొకేషనల్ కోర్సు) చేసినా బ్రిడ్జి కోర్సు (అదనపు సబ్జెక్టుల పరీక్ష) రాసి పై చదువులకు వెళ్లొచ్చని, డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చని మా కాలేజీకి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. వొకేషనల్ అంటే దారి మూసుకుపోయినట్టేనని అనుకుంటారు. మీ డ్రాఫ్టులో ఆ మాట లేదు.

బయటి గణాంకం ఒక్కటైనా కావాలనుకుంటే 2024 జనవరిలో వచ్చిన అసర్ 2023 (పిల్లల చదువుల మీద చేసే సర్వే) నివేదిక చూడండి. 14–18 ఏళ్ల గ్రామీణ పిల్లల మీద చేశారు. 28 జిల్లాల్లో 34,745 మందిని కలిశారు. వృత్తి శిక్షణ తీసుకుంటున్నవాళ్లు 5.6 శాతమే. మన రాష్ట్రం నుంచి తీసుకున్నది మీ శ్రీకాకుళం జిల్లానే! జిల్లా పేజీ తీసి చదవండి. జిల్లా లెక్కను మీ మండలం లెక్కగా మాత్రం రాయకండి.

అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఆ వయసు పిల్లల్లో సుమారు పావు వంతు మంది సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని కూడా ధారాళంగా చదవలేకపోయారు. మీరు రంగురంగుల కెరీర్ పుస్తకం అచ్చువేసి పంచుదామనుకుంటే ఈ అంకెను గుర్తు పెట్టుకోండి.

వలసల_ఊరు:
నాది మీ తీరంలోని మత్స్యకార గ్రామమే అక్కా. డిప్లొమా చేసి ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. నాతో టెన్త్ పాసైన కుర్రాళ్లలో సగం మంది గుజరాత్‌లోని వీరావల్ బోట్లలో ఉన్నారు.

ఒక్క విషయం ఎవరూ రాయలేదు, అది మీ స్టేట్‌మెంట్‌లో కచ్చితంగా ఉండాలి. గుజరాత్ వైపు వేట నిషేధం జూన్ 1 నుంచి మొదలవుతుంది. జూన్, జులై నెలల్లో మా వాళ్లంతా ఇళ్లకు వస్తారు. తండేలు (బోటు నడిపే పెద్ద) తర్వాతి సీజన్‌కు మనుషుల్ని మాట్లాడుకునేది, అడ్వాన్సు ఇచ్చేది అప్పుడే. ఆగస్టులో బోట్లు మళ్లీ నీళ్లలోకి దిగాలి కాబట్టి జులై చివరికల్లా రైలెక్కేస్తారు. ఇంటర్, ఐటీఐ అడ్మిషన్లు నడిచే రోజులు కూడా సరిగ్గా అవే. అంటే టెన్త్ పాసైన కుర్రాడి ముందు ఒక చేత్తో అడ్వాన్సు డబ్బు, ఇంకో చేత్తో ఎప్పుడు ఏమొస్తుందో తెలియని అప్లికేషన్ ఫారం. ఇంట్లో అప్పుంటే ఏది గెలుస్తుందో మీకూ తెలుసు.

పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) సంగతి ఇంకా అన్యాయం. దానికి దరఖాస్తు గడువు మామూలుగా టెన్త్ ఫలితాలు రాకముందే అయిపోతుంది. "రిజల్ట్ వచ్చాక చూద్దాం" అనుకున్నవాడికి ఆ తలుపు అప్పటికే మూసి ఉంటుంది. మా లెక్కల మాస్టారు ఫిబ్రవరిలో నా చేత ఫారం నింపించారు కాబట్టి నేను రాశాను. మా క్లాసులో మిగతావాళ్లకు అలా చెప్పిన మనిషి లేడు. తెలివిలో వాళ్లు నాకంటే తక్కువేమీ కాదు.

ఫైలు_చదివేవాడు:
కొబ్బరితోట గారూ, పైన ఆ తమ్ముడు రాసిందే మీ స్టేట్‌మెంట్‌కు వెన్నెముక. తేదీలున్నాయి, కారణం ఉంది, మీ ఊరికే చెందిన విషయం ఉంది. చదివేవాడికి మీరు ఏ నెలలో ఏం చేయాలో కూడా దాన్నుంచే అర్థమవుతుంది. ఇలాంటిది రోజుకు ఒక్కటి చదివినా నాకు సంతోషం.

డాలస్_తెలుగు:
ఇక్కడ టెక్సస్‌లో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో కెరీర్ అండ్ టెక్నికల్ విభాగంలో పని చేస్తున్నాను. పోలిక కోసం చెబుతున్నా. మాకు ఫెడరల్ డబ్బు పెర్కిన్స్ చట్టం కింద వస్తుంది. 2018లో దాన్ని సవరించాక, దరఖాస్తుకు ముందు స్థానిక అవసరాల అంచనా తప్పనిసరి అయింది, రెండేళ్లకోసారి చేయాలి. పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు, చుట్టుపక్కల పని ఇచ్చేవాళ్లు, అందరితో మాట్లాడి రాయాలి. అందులో రాని అవసరానికి డబ్బు ఖర్చు పెట్టడం కుదరదు.

మీ స్థాయిలో అంత పెద్ద నివేదిక అక్కర్లేదు. కానీ పని ఇచ్చేవాళ్లను అడగడం అనే భాగాన్ని తీసుకోండి. పలాస జీడిపప్పు పరిశ్రమలున్నాయి, రొయ్యల చెరువులున్నాయి, ఆసుపత్రులున్నాయి. "మీకు ఎలాంటి పని తెలిసినవాళ్లు దొరకడం లేదు?" అని ఐదారుగురు యజమానులను అడిగి ఒక్క వాక్యం రాసినా బరువు వస్తుంది.

పాత_హెచ్ఎం:
యజమానులను అడగడం మంచిదే బాబూ, నాకు అభ్యంతరం లేదు. కానీ 15 ఏళ్ల పిల్లవాడి చదువును స్థానిక యజమాని అవసరానికి కొలవడం నాకు నచ్చదు. జీడిపప్పు ఫ్యాక్టరీకి మనుషులు కావాలి గనుక మన పిల్లలకు ఆ దారి చూపిద్దామని ఎవరైనా అర్థం చేసుకుంటే ప్రమాదం. మా బడి పిల్లలు ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకున్నారు. ఆ తలుపు కూడా వాళ్లకు కనిపించాలి.

డాలస్_తెలుగు:
మీరన్నది ఒప్పుకుంటాను మాస్టారూ. యజమానుల మాటను పిల్లల దారికి హద్దుగా పెట్టమనడం లేదు. ఉన్న దారుల్లో ఒకదాని గురించి సమాచారంగా పెట్టమంటున్నాను.

హాస్టల్_మేడమ్:
ఇంతసేపూ మగపిల్లల గురించే మాట్లాడుకున్నాం. నేను బాలికల హాస్టల్లో వార్డెన్‌ని. ఒక మాట గట్టిగానే చెబుతాను, ఏమనుకోకండి.

"తల్లిదండ్రులు నిరక్షరాస్యులు, అవగాహన లేదు" అన్న వాక్యం తీసేయండి. నాకు చాలా బాధ కలిగింది. కూతుర్ని హాస్టల్లో వదలడానికి వచ్చిన తల్లి నన్ను ఎన్ని ప్రశ్నలు అడుగుతుందో మీరు వినాలి. రాత్రి కాపలా ఎవరు, జ్వరం వస్తే ఎవరు తీసుకెళ్తారు, ఈ చదువు చదివితే ఎన్నేళ్లకు సొంత కాళ్ల మీద నిలబడుతుంది. అవగాహన లేనివాళ్లు అడిగే ప్రశ్నలు కావివి. వాళ్లకు జవాబు చెప్పేవాళ్లు లేరు, అదీ లోటు. ఈ దరఖాస్తు రేపు ఎవరో తెలుగులో ఆ తల్లికి చదివి వినిపిస్తే తలెత్తుకుని వినగలగాలి.

ఆడపిల్ల ఆగిపోవడానికి కారణాలు వేరు. జూనియర్ కాలేజీ పక్క మండలంలో ఉంటుంది. పొద్దున వెళ్లడానికి బస్సు ఉంటుంది, సాయంత్రం క్లాసు అయ్యాక తిరిగి రావడానికి ఉండదు. ఆటోలో పంపడానికి భయం. ఇంట్లో కూర్చుంటే ఏడాది తిరగకుండా సంబంధాలు మొదలు, 18 నిండాయా అని చూసేవాళ్లు తక్కువ. పాలిటెక్నిక్‌లో అమ్మాయిలకు హాస్టల్ ఎక్కడెక్కడ ఉందో ఒక్క కాగితం మీద రాసి తల్లి చేతికి ఇస్తే, నా అనుభవంలో, కొన్ని చదువులు నిలబడ్డాయి. అబ్బాయిలు, అమ్మాయిల లెక్క విడివిడిగా తీయండి. కలిపేస్తే ఇద్దరి కారణాలూ మరుగున పడతాయి.

కొబ్బరితోట:
అందరికీ నమస్కారాలు. మేడమ్, ఆ వాక్యం తీసేశాం. మా కమిటీలోనే ఇద్దరు తల్లులున్నారు, మీ మాట వాళ్లకు చదివి వినిపించాను. రెండు బడుల్లో హెచ్ఎంలు రిజిస్టర్ చూపించడానికి ఒప్పుకున్నారు. లెక్క తేలేదాకా ఖాళీలు పెట్టి మళ్లీ రాశాం:

"మా మండలంలోని జెడ్పీ హైస్కూళ్లలో గత రెండేళ్లలో పదో తరగతి పాసైన ___ మందిలో ___ మంది అబ్బాయిలు, ___ మంది అమ్మాయిలు ఆగస్టు చివరికి ఏ విద్యాసంస్థలోనూ చేరలేదు (బడుల టీసీ రిజిస్టర్లు, ఇంటింటి విచారణ). మత్స్యకార గ్రామాల అబ్బాయిలకు వలస వేట అడ్వాన్సులు జూన్, జులై నెలల్లోనే అందుతాయి. అడ్మిషన్లు నడిచేదీ అప్పుడే. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష గడువు అంతకు ముందే, ఫలితాలు రాకముందే ముగుస్తుంది. అమ్మాయిలకు కాలేజీ దూరం, సాయంత్రం బస్సు లేకపోవడం, హాస్టళ్ల వివరాలు తెలియకపోవడం అడ్డం. కుటుంబాల అప్పులు, రవాణా, బడుల్లో కెరీర్ కౌన్సెలర్ లేకపోవడం, చదవడంలో వెనకబాటు, బాల్యవివాహాలు, స్కాలర్‌షిప్‌ల జాప్యం కూడా కారణాలు. చేరినవారిలోనూ ___ మంది ఇంటర్ మొదటి ఏడాదిలో తప్పారు."

ఫైలు_చదివేవాడు:
మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. ఒక్క సవరణ. "కూడా కారణాలు" అన్న వాక్యంలో ఆరు కారణాలు గుదిగుచ్చారు. స్కాలర్‌షిప్ జాప్యాన్ని, రవాణాను మీ ప్రాజెక్టు ఏం చేస్తుంది? మీరు చెయ్యి పెట్టగలిగేవి రెండే: సరైన నెలలో సమాచారం అందకపోవడం, ఫారం నింపి చేర్పించే మనిషి లేకపోవడం. వాటినే విడమరిచి రాయండి. మిగతావి తీసేయొచ్చు.

పాత_హెచ్ఎం:
బస్సును తీసేయమంటే నేను ఒప్పుకోను సార్. అమ్మాయిల విషయంలో అసలు కారణం అదే. అది లేకుండా రాస్తే, సమాచారం ఇస్తే చాలు అందరూ చేరిపోతారన్న అర్థం వస్తుంది. ఏడాది తర్వాత చేరకపోతే సొసైటీ మాట పోతుంది.

బ్రిడ్జికోర్సు:
ఇద్దరి మాటా నిలబెట్టొచ్చు. బస్సు, అప్పు ఈ రెండింటినీ ఒక వాక్యంలో పేరు పెట్టి చెప్పి, "ఇవి ఈ ప్రాజెక్టు పరిధిలో లేవు, కానీ వీటిని దృష్టిలో పెట్టుకునే హాస్టల్ ఉన్న కోర్సులను ముందు చూపిస్తాం" అని రాయండి. దాచినట్టూ ఉండదు, మోయలేనిది మోస్తామన్నట్టూ ఉండదు.

ఫైలు_చదివేవాడు:
అలాగైతే నాకూ సమ్మతమే. చేయలేనిదాన్ని ముందే చెప్పినవాళ్ల మీద నమ్మకం పెరుగుతుంది. ఫలితాల గడిలో కూడా దానికి తగ్గ లక్ష్యమే పెట్టండి. "100 శాతం చేరిక" అని మాత్రం రాయకండి.

వలసల_ఊరు:
అక్కా, ఒక మనవి. వేటకు వెళ్లడాన్ని చెడ్డ పనిలా రాయకండి. మా నాన్న, అన్న ఆ పని చేసే నన్ను చదివించారు. వేరే దారి ఉందని తెలియకముందే వెళ్లాల్సి రావడం తప్పు. తెలిసి, ఆలోచించి వెళ్తే అది వాడి ఇష్టం.

కొబ్బరితోట:
తప్పకుండా తమ్ముడూ. నీ మాటనే దాదాపుగా వాడుకున్నాను. కొత్త పేరా ఇదీ:

"మా మండలంలోని జెడ్పీ హైస్కూళ్లలో గత రెండేళ్లలో పదో తరగతి పాసైన ___ మందిలో ___ మంది (అబ్బాయిలు ___, అమ్మాయిలు ___) ఆగస్టు చివరికి ఎక్కడా చేరలేదు. మేం కలిసిన కుటుంబాలు ఎక్కువగా చెప్పిన కారణాలు రెండు. ఒకటి, ఏ కోర్సుకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో ఆ సమయానికి తెలియలేదు. పాలిసెట్ గడువు పదో తరగతి ఫలితాలకన్నా ముందే ముగుస్తుందని ___ కుటుంబాలకు తెలియదు. రెండు, నిర్ణయం తీసుకునే జూన్, జులై నెలల్లో బడి వాళ్ల చేతిలో ఉండదు, కాలేజీ ఇంకా పట్టించుకోదు. పిల్లవాడికి సలహా చెప్పి ఫారం నింపించే మనిషి ఆ రెండు నెలలూ ఎవరూ లేరు. వలస వేట అడ్వాన్సులు కూడా అప్పుడే వస్తాయి. వేట గౌరవమైన వృత్తి. మిగతా దారులు తెలియకముందే 15, 16 ఏళ్లకు దాన్ని ఎంచుకోవాల్సి రావడం ఇక్కడి సమస్య. సాయంత్రం బస్సు లేకపోవడం, కుటుంబాల అప్పు కూడా పిల్లలను ఆపుతున్నాయి. వాటిని ఈ ప్రాజెక్టు తీర్చలేదు. అందుకే హాస్టల్ వసతి, ఫీజు రాయితీ ఉన్న కోర్సులను తల్లిదండ్రుల ముందు మొదట పెడతాం."

"ఎక్కువగా చెప్పిన కారణాలు" అన్నది ప్రస్తుతానికి మా ఊహే. ఇంటింటి విచారణలో వేరేగా వస్తే మారుస్తాం. ఫారం ఇంగ్లీషులో నింపాలి. తండేలు, అడ్వాన్సు లాంటివి ఎలా రాయాలి?

డాలస్_తెలుగు:
తండేలు అనే మాటను అలాగే ఉంచి, పక్కన "బోటు నడిపే పెద్ద, మనుషుల్ని కుదుర్చుకునేవాడు" అనే అర్థం ఒక ముక్కలో ఇవ్వండి. లెక్కలు రాగానే నాకు పంపండి, ఇంగ్లీషు నేను చేసిపెడతాను. బరువైన పదాలు వేయను.

హాస్టల్_మేడమ్:
నేను జిల్లాలో బాలికల హాస్టల్ ఉన్న కాలేజీల జాబితా తయారు చేసి ఇస్తాను. విచారణకు వెళ్లేటప్పుడు ప్రతి ఇంట్లో తల్లిని విడిగా అడగండి. తండ్రి పక్కనుంటే కొన్ని జవాబులు రావు.

పాత_హెచ్ఎం:
సోమవారం పొద్దున నేనూ మీతో వస్తాను. మూడో బడి హెచ్ఎం నా శిష్యుడే, రిజిస్టర్ చూపిస్తాడు. సొసైటీ ఉత్తరం రెండు కాపీలు, రూళ్ల కాగితాలు తెచ్చుకోండి. పాసైనవాళ్ల జాబితా, టీసీ జాబితా పక్కపక్కన పెట్టి పోల్చాలి. మధ్యాహ్న భోజనం గంటలోపు ఒక బ్యాచ్ పూర్తవుతుంది.